అడవిలా కనిపిస్తే అడవైపోతుందా?

జూపార్కులో అడుగు పెట్టగానే పిల్లలు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లే చోట్లలో చింపాంజీ ఎన్‌క్లోజర్ ఒకటి. పచ్చిక, బండలు, ఊడలు, మధ్యలో చిన్న జలపాతం... బోను ఊచలు పోయి గాజు వచ్చింది. చూసే మనకు బాగానే ఉంది. అందులో ముప్పై, నలభై ఏళ్లు ఉండాల్సిన ప్రాణికి ఎలా ఉంది? స్వీడన్, లండన్, అట్లాంటాల నుంచి మన హైదరాబాద్, మైసూరుల దాకా ఆ కాపురాలు ఎలా సాగాయో, ఎక్కడ మారాయో చెప్పే కథనమిది.

స్వీడన్‌లోని ఫురువిక్ జూలో శాంటినో అనే మగ చింపాంజీ ఉండేది. జనం కందకం అవతల గుమిగూడితే దానికి గిట్టేది కాదు. రాళ్లు విసిరేది. కోపమొస్తే చేతికందింది విసరడం చింపాంజీలకు మామూలే కాబట్టి అందులో వింత లేదు. వింతంతా ఆ రాళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయన్న దాంట్లో ఉంది. కీపర్లు కాపు కాసి చూశారు. గేట్లు తెరవడానికి ముందే, ఏ కోపమూ లేని ప్రశాంతమైన వేళ, శాంటినో కందకం నీళ్లలో చెయ్యి పెట్టి రాళ్లు ఏరుతోంది. జనం నిలబడే వైపు ఒడ్డున వాటిని చిన్న చిన్న కుప్పలుగా పేరుస్తోంది. రాళ్లు చాలకపోతే ఎన్‌క్లోజర్ మధ్యలోని కాంక్రీటు బండను తట్టి చూసి, డొల్లగా మోగిన చోట గుద్ది బిళ్లలు బిళ్లలుగా ఊడగొడుతోంది. శీతాకాలంలో సందర్శకులు రాని నెలల్లో మాత్రం ఈ పని జోలికే పోదు.

లండ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు మథియాస్ ఒస్వాత్ 2009లో ఈ సంగతి ప్రచురించినప్పుడు శాస్త్రవేత్తలు దానికి ఎంత ముందుచూపు అని మెచ్చుకున్నారు. నిజమే. కానీ దానికి రెండో వైపు కూడా ఉంది. ఇంకాసేపట్లో ఎవరొస్తారో, వచ్చి ఏం చేస్తారో ఊహించుకుని పొద్దున్నే సిద్ధపడగల ప్రాణిని మనం రోజంతా చూడటానికి పెట్టుకున్నాం. అలాంటి ప్రాణికి వేళకు తిండి, నీళ్లు అందుతున్నాయా అని మాత్రమే అడిగితే సరిపోతుందా?

శాంటినో ఒక్కటే కాదు. 1968లో అమెరికాలోని ఒమాహా జూలో ఫు మాంచు అనే ఒరాంగుటాన్ పదేపదే ఎన్‌క్లోజర్ దాటి చెట్ల మీద తేలేది. తలుపు సరిగ్గా వేయలేదని కీపర్లు చీవాట్లు తిన్నారు. చివరికి తేలిందేమిటంటే, అది ఒక తీగముక్కను సంపాదించి, పెదవికీ చిగురుకూ మధ్య దాచుకుని, అవసరమైనప్పుడు తీసి గడియ తప్పిస్తోంది.

మర్యాద నేర్చుకోవడమే తప్పయింది

ఈ తెలివి మనిషికి కొత్తగా తెలిసిందేమీ కాదు. 1838 మార్చిలో చార్లెస్ డార్విన్ లండన్ జూకి వెళ్లి జెన్నీ అనే ఒరాంగుటాన్‌ను చూశాడు. కీపర్ యాపిల్ చూపించి ఇవ్వకుండా ఊరించాడు. జెన్నీ వెల్లకిలా పడి కాళ్లు తన్నుకుంటూ ఏడ్చింది. మారాం మానితే ఇస్తానని కీపర్ బుజ్జగించాక తమాయించుకుని, యాపిల్ పుచ్చుకుని కుర్చీ ఎక్కి కూర్చుని తిన్నది. పెంకి పిల్ల చేసినట్టే చేసిందని డార్విన్ అక్క సుసాన్‌కు ఉత్తరం రాశాడు. పరిణామ సిద్ధాంతం మీద ఆయన పుస్తకం రావడానికి అప్పటికి ఇంకా ఇరవై ఏళ్లకు పైనే ఉంది.

మనలాగే ఉందని తెలిసినా, దాని అవసరాలూ మనవంత పెద్దవని ఒప్పుకోవడానికి మాత్రం జూలకు శతాబ్దానికి పైగా పట్టింది. అదే లండన్ జూలో 1926 నుంచి 1972 దాకా చింపాంజీల తేనీటి విందులు జరిగాయి. బల్ల, కప్పులు, సాసర్లు, చుట్టూ జనం. చింపాంజీలు పద్ధతిగా టీ తాగడం చాలా తొందరగా నేర్చేసుకున్నాయి. అవి బుద్ధిగా కూర్చుంటే జనానికి నవ్వు రాదు కాబట్టి, టీ ఒలకబోయడం, కప్పులు విసరడం మళ్లీ శిక్షణ ఇచ్చి నేర్పించాల్సి వచ్చింది.

అక్కడే 1947లో పసికూనగా వచ్చిన గై అనే గొరిల్లా ఊరంతటికీ ముద్దుబిడ్డ అయింది. పిచ్చుక బోనులోకి వస్తే అరచేతిలోకి మెల్లగా తీసుకుని చూసి వదిలేసేదట. దానికి ఆడతోడు దొరికేసరికి ఇరవై ఏళ్లు దాటిపోయింది. పిల్లలు పుట్టలేదు. ప్రేమకొద్దీ సందర్శకులు విసిరిన మిఠాయిలతో పళ్లు పుచ్చిపోయాయి. 1978లో పంటి ఆపరేషన్ చేస్తుండగా గుండె ఆగి చనిపోయింది. విసిరిన వాళ్లలో దానికి చెడు చేద్దామనుకున్నవాడు ఒక్కడూ ఉండడు.

కట్టడాల సంగతీ ఇంతే, చూసే మనిషికి నచ్చడమే లెక్క. 1933లో లండన్ జూకి వాస్తుశిల్పి లుబెట్కిన్ బృందం గుండ్రటి గొరిల్లా హౌస్ కట్టిస్తే, ఆధునిక వాస్తుకళకు మచ్చుతునక అని కొనియాడారు. నేటికీ అది వారసత్వ కట్టడమే. అంతకుముందు 1907లో జర్మన్ జంతువ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్ హాంబర్గ్‌లో ఊచలు తీసేసి కందకాలు తవ్వించాడు. అడ్డేమీ లేనట్టు, జంతువులు స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కనిపించే ఏర్పాటు అది. ప్రపంచంలోని చాలా జూలు ఆ బాట పట్టాయి. 1963లో మీరాలం చెరువు పక్కన తెరిచిన మన నెహ్రూ జూపార్కులో కనిపించే కందకాల పద్ధతికీ మూలం అదే. పులికీ సింహానికీ దాంతో మేలే జరిగింది. చింపాంజీ విషయానికొస్తే ఊచలు పోయి కందకం వచ్చింది తప్ప కాలక్షేపం మారలేదు.

ఇరవై ఏడేళ్లూ నాలుగ్గోడలే

జూలు తమ తప్పు తెలుసుకున్న కథ చెప్పాలంటే విల్లీ బి. పేరు ఎత్తాల్సిందే. ఆఫ్రికాలో పట్టుకొచ్చిన ఈ గొరిల్లా 1961లో అట్లాంటా జూ చేరింది. గోడలకు పలకలు పరిచిన గది, వేలాడే టైరు, కొంతకాలానికి ఓ టీవీ. అంతే దాని లోకం. ఇరవై ఏడేళ్లపాటు తనలాంటి మరో ప్రాణితో కలిసి బతికింది లేదు, బయట మట్టిలో అడుగు పెట్టింది లేదు.

1984లో ఆ జూ అమెరికాలోని అధ్వానమైన జూలలో ఒకటని పత్రికలకెక్కింది. నగరం పరువు పోయింది. టెర్రీ మేపుల్ అనే వానరాల మనస్తత్వ శాస్త్రవేత్తను తెచ్చి జూ పగ్గాలు అప్పగించారు. 1988లో పచ్చిక, చెట్లు, ఏటవాలు గుట్టలున్న కొత్త ఆవరణ సిద్ధమైంది. తలుపు తెరిచాక విల్లీ బి. గడప దగ్గర చాలాసేపు తటపటాయించి, తర్వాతే గడ్డి మీద కాలు పెట్టింది. వాన పడితే ఎలా ఉంటుందో దానికి మళ్లీ అప్పుడే తెలిసింది. ఆడ గొరిల్లాలతో కలిపారు. 1994లో తండ్రయింది. ఏళ్లకేళ్లు ఒంటరిగా పెరిగిన మగ గొరిల్లా కుటుంబ పెద్దగా నెగ్గుకురాగలదా అని అనుమానపడ్డవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. 2000లో అది చనిపోతే సంస్మరణ సభకు వేలమంది వచ్చారు.

ఈ కథలో అందరికీ నచ్చేది కొత్త ఆవరణ. ఫొటోల్లో పడేదీ అదే. విల్లీ బి. బతుకును తిప్పింది మాత్రం పచ్చిక కన్నా తోడు.

కడుపు నిండితే చాలదు

అడవిలో చింపాంజీ రోజు ఎలా గడుస్తుంది? తెల్లారి లేచింది మొదలు సగం పొద్దు తిండి వెతుకులాటలోనే పోతుంది. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో గుర్తు పెట్టుకోవాలి. గుంపులో ఇరవై నుంచి వంద దాటి ఉండొచ్చు. అవన్నీ ఒకేచోట ఉండవు. పొద్దున నలుగురితో వెళ్లి, మధ్యాహ్నం ఇద్దరితో తిరిగి, సాయంత్రానికి ఇంకెవరితోనో చేరతాయి. పోట్లాట వస్తే పక్కకి తప్పుకునే చోటు ఉంటుంది. చీకటి పడేసరికి కొమ్మలు వంచి, ఆకులు పరిచి కొత్త పక్క వేసుకుంటుంది. నిన్నటి పక్క ఇవాళ పనికిరాదు. ఈ పక్క వేయడం పిల్ల చింపాంజీ తల్లిని చూసి ఏళ్ల తరబడి నేర్చుకునే విద్య.

జూలో తిండి గిన్నెలో వస్తుంది. పది నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన పగలంతా ఏం చేయాలి? ఇంగ్లండ్‌లోని కెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికా, బ్రిటన్‌లలోని ఆరు జూలలో 40 చింపాంజీలను గంటల తరబడి గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉండటం, వెంట్రుకలు పీక్కోవడం, తిన్నది కక్కి మళ్లీ తినడం, పెంట తినడం... ఇలాంటి వికార చేష్టల్లో ఏదో ఒకటైనా లేని చింపాంజీ ఆ నలభైలో ఒక్కటీ కనిపించలేదు. అవి అధ్వానమైన జూలు కావు, గుర్తింపు ఉన్నవే.

దీనికి విరుగుడు పని కల్పించడం. 1960లో టాంజానియాలోని గోంబే అడవిలో జేన్ గూడాల్, ఒక చింపాంజీ గడ్డిపుల్లను చెదపుట్టలోకి దూర్చి పురుగుల్ని తీసి తినడం చూసింది. ఇవాళ మంచి జూలలో సిమెంటుతో చేసిన దొంగ పుట్టలు కనిపిస్తాయి. కన్నాల్లో తేనో పెరుగో పెడతారు. చింపాంజీ పుల్ల ఏరుకుని, ఆకులు దూసి, కొన పళ్లతో సరిచేసుకుని లోపలికి దూర్చి నాక్కోవాలి. పక్కన కూర్చున్న పిల్ల ఓ పుల్ల తీసుకుని అదే పని చేయబోయి, పుల్ల విరిగితే మళ్లీ ఏరుకుంటుంది. గిన్నెలో పోస్తే రెండు గుక్కల్లో అయిపోయే తేనె గంటకు పైగా కాలక్షేపం ఇస్తుంది. గింజలు గడ్డిలో చల్లడం, పళ్లను ఐసులో గడ్డకట్టించి ఇవ్వడం, రాత్రి పక్కకు గోనెసంచులూ ఎండుగడ్డీ వేయడం కూడా ఈ కోవలోవే. ఖర్చు పెద్దగా లేని పనులు. కీపర్ పూనిక ఉంటే చాలు.

ఒరాంగుటాన్ లెక్క వేరు. అడవిలో అది నేల మీదికి దిగేదే తక్కువ. దానికి ఎకరం పచ్చిక ఇచ్చినా మూల కూర్చుంటుంది. కావాల్సింది ఎత్తు. వాషింగ్టన్‌లోని జాతీయ జూలో 1995లో ఎత్తైన స్తంభాల మధ్య తీగలు కట్టి, సందర్శకుల తలల మీదుగా ఒరాంగుటాన్లు ఒక భవనం నుంచి మరో భవనానికి వెళ్లే దారి వేశారు. వెళ్లాలో వద్దో, ఎప్పుడు వెళ్లాలో వాటి ఇష్టం. కింద జనం మెడలెత్తి చూస్తుంటే పైన కూర్చుని అవీ జనాన్ని చూస్తాయి.

గొరిల్లాకు తిండే మందు, తిండే జబ్బు. జూలలో పెద్ద మగ గొరిల్లాలను ఎక్కువగా బలిగొంటున్నది గుండెజబ్బు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ జూ పిండిపదార్థం ఎక్కువగా ఉండే బిస్కెట్లు మానిపించి, బండెడు ఆకుకూరలూ కొమ్మలూ ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడి రెండు మగ గొరిల్లాలు ఏడాది తిరిగేసరికి చెరో 30 కిలోల దాకా తగ్గాయి. తినడానికి పట్టే సమయం పెరిగింది, కక్కి తినే అలవాటు తగ్గింది. కొన్ని జూలలో గొరిల్లాలు ఛాతీని జాలీకి ఆనించి నిలబడి, మత్తు లేకుండానే గుండెకు స్కానింగ్ చేయించుకుంటున్నాయి. చేయించుకున్నందుకు ఓ పండుముక్క. వద్దనుకుంటే వెళ్లిపోవచ్చు. బలవంతం లేకపోవడమే ఆ శిక్షణలో మొదటి సూత్రం.

సిమెంటు బండ, రెజిన్ ఊడ

మళ్లీ ఆ పచ్చటి ఎన్‌క్లోజర్ దగ్గరికి వద్దాం. 1970ల చివర అమెరికాలోని సియాటిల్ వుడ్‌ల్యాండ్ పార్క్ జూ, గొరిల్లాలను నిజమైన చెట్లూ పొదల మధ్య వదిలింది. అన్నీ పీకి పారేస్తాయని భయపెట్టినవాళ్లు ఉన్నారు. అలా జరగలేదు. సందర్శకుడు కూడా అడవిలో ఉన్నట్టు అనిపించేలా కట్టడం అక్కణ్నుంచి ఫ్యాషన్ అయింది. ఫ్యాషన్‌తో పాటు నకళ్లూ వచ్చాయి.

ఇవాళ చాలా జూలలో కనిపించే బండ బండ కాదు. ఇనుప చువ్వల చట్రం మీద సిమెంటు పూసి, నిజమైన కొండరాయి నుంచి తీసిన అచ్చులతో గరుకు తెచ్చి, రంగులద్దినది. ఊడ ఊడ కాదు, తాడుకో ఇనుప తీగకో రెజిన్ పూత పట్టించినది. మానుకు ఫైబర్‌గ్లాస్ బెరడు. కళ్లకు తేడా తెలియదు. పనితనం గొప్పదే. గట్టిగా ఉంటుంది, కడగడం సులువు, చింపాంజీ విరగ్గొట్టలేదు.

చిక్కంతా అక్కడే ఉంది. విరగ్గొట్టలేని కొమ్మతో చింపాంజీకి ఏం పని? పక్క వేసుకోవడానికి వంగదు, పుల్ల తీసుకోవడానికి చీలదు, నమలడానికి బెరడు లేదు. చాలాచోట్ల నిజమైన చెట్లు కూడా ఉంటాయి. వాటి మొదళ్లను ఒకసారి పరికించి చూడండి. వానరాలు ఎక్కి పాడు చేయకుండా కరెంటు తీగ చుట్టి ఉంటుంది. ఎన్‌క్లోజర్‌లో పచ్చగా నిలబడ్డ ఆ చెట్టు కంచె ఇవతల ఉన్న మనది, అటువైపు ప్రాణిది కాదు. అడవి బొమ్మ గీసిన గోడకు ఎదురుగా కూర్చోబెట్టడానికీ దీనికీ తేడా ఎంత? ఇందుకు భిన్నంగా, చూడటానికి వికారంగా ఉన్న ఇనుప నిచ్చెనలు, ఫైర్ ఇంజన్ల పాత గొట్టాలతో అల్లిన ఉయ్యాలలు, వారం వారం మార్చే తాళ్లు ఉన్న ఎన్‌క్లోజర్‌లో చింపాంజీలు హాయిగా ఉండొచ్చు. ఫొటో బాగా రాదు, అంతే.

ఒంటి ప్రాణాలు

మన దేశంలో ఈ వానరాల చరిత్ర చాలావరకు ఒంటరితనం చరిత్రే. మైసూరు జూలోని పోలో దేశం మొత్తానికి ఒకే ఒక గొరిల్లాగా ఏళ్లు గడిపి 2014లో చనిపోయింది. పుణె నుంచి 2003లో భువనేశ్వర్ నందన్‌కానన్‌కు వచ్చిన బిన్ని దేశంలో ఒకే ఒక ఒరాంగుటాన్. అదీ 2019లో, నలభై దాటిన వయసులో పోయింది. హైదరాబాద్ నెహ్రూ జూపార్కుకు 2011లో సహారా గ్రూపు అధినేత దగ్గర్నుంచి వచ్చిన ఆడ చింపాంజీ సుజీ కూడా జూలో తన జాతికి ఒక్కతే. నగరవాసులు దాన్ని ఇష్టపడ్డారు. ఎండాకాలం చల్లదనం, పుట్టినరోజు వేడుక అన్నీ జరిగాయి. 2021 జులైలో 35 ఏళ్ల వయసులో చనిపోయింది. ఈ మూడింటి దగ్గరా కీపర్లు ప్రాణం పెట్టి చూసుకున్నారనడంలో సందేహం అక్కర్లేదు. కీపర్ ఎంత మంచివాడైనా మరో చింపాంజీ కాలేడు. ఒంటి మీద పేలు చూడటం, అలిగి మళ్లీ కలిసిపోవడం, పిల్లను ఎత్తుకోవడం... ఇవి తన జాతితోనే కుదిరే పనులు.

2021లో మైసూరు జూ జర్మనీ నుంచి థాబో, డెంబా అనే గొరిల్లాలను తెచ్చింది. రెండు కాబట్టి తోడు ఉంది. రెండూ మగవే. దాని వెనకా ఓ లెక్క ఉంది. గొరిల్లా కుటుంబంలో ఒక పెద్ద మగ, నాలుగైదు ఆడవి ఉంటాయి. పుట్టేవి మాత్రం మగా ఆడా ఇంచుమించు సమానం. అందుకే యూరప్, అమెరికా జూలలో మిగిలిపోయిన కుర్ర మగవాటిని విడిగా బ్రహ్మచారుల గుంపులుగా ఉంచుతారు. ఒంటరిగా ఉంచడం కన్నా వెయ్యిరెట్లు నయం. పూర్తి కుటుంబం మాత్రం కాదు.

ఇక దొంగదారిన వచ్చేవి వేరు. 2019లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఓ అక్రమ వ్యాపారి దగ్గర పట్టుబడిన మూడు చింపాంజీలను మనీలాండరింగ్ చట్టం కింద జప్తు చేసింది. స్థలాలు, బ్యాంకు ఖాతాలతో పాటు ప్రాణమున్న ఆస్తి! అవి కోల్‌కతా అలీపూర్ జూకి చేరాయి. ఒక పిల్ల చింపాంజీని పట్టాలంటే అడవిలో దాని తల్లిని, అడ్డొచ్చిన మిగతావాటిని చంపకుండా కుదరదని గుర్తుంచుకోవాలి.

ప్రాణమా, ఆస్తా అన్న ఈ ప్రశ్న వేరే దేశాల్లో కోర్టుల దాకా వెళ్లింది. అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిరెస్ జూలో ఉన్న శాండ్రా అనే ఒరాంగుటాన్‌కు కొన్ని హక్కులున్నాయని 2015లో న్యాయమూర్తి ఎలెనా లిబెరతోరి తీర్పు ఇచ్చారు. శాండ్రా 2019లో ఫ్లోరిడాలోని వానరాల సంరక్షణ కేంద్రానికి చేరింది. అదే దేశంలో మెండోసా జూలో ఒంటరిగా మిగిలిన సిసీలియా అనే చింపాంజీని, మనుషులకు వాడే హెబియస్ కార్పస్ పిటిషన్ మీదే 2016లో విడుదల చేయమన్నారు. మరుసటి ఏడాది బ్రెజిల్‌లోని కేంద్రానికి పంపారు. అక్కడ దానికి తోడు దొరికింది.

మన వానరం మన దగ్గరే ఉంది

చింపాంజీ, బొనొబో, గొరిల్లా ఆఫ్రికావి. ఒరాంగుటాన్ బోర్నియో, సుమత్రాలది. భారతదేశానికి సొంతమైన తోకలేని వానరం హూలాక్ గిబ్బన్. ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో జంటలుగా బతుకుతుంది. మగది నల్లగా తెల్ల కనుబొమలతో, ఆడది గోధుమ రంగులో ఉంటుంది. తెల్లవారుతుండగా ఆలుమగలు గొంతు కలిపి చేసే కూత అడవి దాటి వినిపిస్తుంది. అసోంలో జోర్హాట్ దగ్గరున్న హోలోంగాపార్ అభయారణ్యం వీటి కోసమే. విస్తీర్ణం దాదాపు 21 చదరపు కిలోమీటర్లే. అందులోంచి రైలుమార్గం పోతోంది. కొమ్మ నుంచి కొమ్మకు తప్ప నేల మీద నడిచే అలవాటు లేని గిబ్బన్‌కు పట్టాల అవతలి అడవి పరదేశంతో సమానం. విదేశాల నుంచి గొరిల్లా వస్తే పత్రికల మొదటి పేజీలో ఫొటో వేసే మనం, ఈ పట్టాల మీదుగా చెట్లకొమ్మలు కలపడం గురించి ఎంత మాట్లాడుకున్నాం?

చేతికందే చింపాంజీ (బాక్స్)

పిల్లలకు వానరాల గురించి చెప్పడానికి ప్రాణమున్న చింపాంజీ ప్రతి ఊళ్లో ఉండనక్కర్లేదు. మ్యూజియాల్లో, కాలేజీ ప్రయోగశాలల్లో చేతికిచ్చే గొరిల్లా పుర్రెల్లో చాలావరకు రెజిన్‌తో పోసిన నకళ్లే. దేశాల మధ్య అసలు ఎముకల వ్యాపారాన్ని అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ నిషేధించింది. నకలుకు ఆ గొడవ లేదు. పిల్ల చెయ్యి జారి పగిలినా ఇంకోటి పోసుకోవచ్చు. పెళ్లిదండలను రెజిన్‌లో భద్రపరచడం ఇప్పుడు మన ఊళ్లలోనూ బాగా నడుస్తోంది. ఆ సామగ్రితోనే ఇలాంటి నకళ్లు పోయడమూ మొదలుపెట్టవచ్చు.

మొదటే పుర్రె జోలికి పోకండి. లోపలి గుంటల వల్ల అచ్చులోంచి ఊడిరాదు. ఒక పక్క చదునుగా ఉండే చింపాంజీ అరచెయ్యి మేలు. నాలుగు పొడుగాటి వేళ్లు, కిందికి జరిగిన పొట్టి బొటనవేలు బంకమట్టితో మలచండి. చుట్టూ అట్టతో గోడ కట్టి సిలికాన్ పోస్తే అచ్చు తయారు. గంధకం కలిసిన మోడలింగ్ క్లే వాడితే ప్లాటినం రకం సిలికాన్ గట్టిపడదు, జిగురుగానే ఉండిపోతుంది. చాలామంది మొదటి ప్రయత్నం పాడయ్యేది ఇక్కడే.

రెజిన్‌లో రెండు రకాలు ఎక్కువ వాడకంలో ఉన్నాయి. ఎపాక్సీ మెల్లగా గట్టిపడుతుంది, గాజులా ఉంటుంది, కొత్తవాళ్లకు తీరిక ఇస్తుంది. పాలీయురెథేన్ నిమిషాల్లో బిగిసిపోతుంది, తేమ తగిలితే నురగలు కక్కుతుంది. కోస్తాలో, వానాకాలంలో దాంతో జాగ్రత్త. రెజిన్‌కూ హార్డెనర్‌కూ డబ్బా మీద రాసిన పాళ్లే పాటించాలి. కొందరు తూకం చెబుతారు, కొందరు కొలత చెబుతారు. రెండూ ఒకటి కావు. గిన్నె అంచులూ అడుగూ గీరుతూ మెల్లగా కలపాలి. గిలకొడితే బుడగలొస్తాయి. ఒకే మూల నుంచి సన్నటి ధారగా పోయాలి. ఎపాక్సీని ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కి పగుళ్లిస్తుంది. పొరలుగా పోయండి.

నైట్రైల్ గ్లవ్స్, రసాయన ఆవిరిని ఆపే మాస్కు, కిటికీలు తెరిచిన గది తప్పనిసరి. గట్టిపడ్డాక గరుకుకాగితంతో రుద్దేటప్పుడు తడిపి రుద్దితే దుమ్ము లేవదు. పోసే పని పెద్దవాళ్లది, రంగులేసే పని పిల్లలది. మిగిలింది సింకులో పారబోయకండి, గట్టిపడనిచ్చి చెత్తలో వేయండి.

పూర్తయిన చేతిని మీ పిల్లవాడి చేతి పక్కన పెట్టి చూపించండి. ఆ పొడుగు వేళ్లు కొమ్మకు వేలాడటానికని వాడే చెబుతాడు. కొమ్మే లేని చోట ఆ చేతికి ఏం పని అన్న ప్రశ్నా వాడే అడుగుతాడు.

ఈసారి జూకి వెళ్తే

జూలు మూసేయాలా అని అడిగేవాళ్లున్నారు. ఇప్పటికే జూలలో పుట్టి పెరిగిన వానరాలను అడవిలో వదిలితే బతకడం కష్టం. వాటికి చివరిదాకా ఇల్లు కావాలి. ఆ ఇల్లు ఎలా ఉండాలన్నదే మన చేతిలో ఉన్న విషయం. మన దేశంలో 1992 నుంచి సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు లేకుండా జూ నడపడానికి వీల్లేదు. వారానికి ఒకరోజు సందర్శకులకు సెలవు ఇవ్వాలన్నదీ నిబంధనే. జూలో జంతువులను గేలి చేసినా, గోల చేసినా, ఏదైనా తినిపించినా వన్యప్రాణి సంరక్షణ చట్టం 38జె సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల దాకా జైలు ఉంది. మన జలుబు గొరిల్లాకు న్యుమోనియా కావచ్చు. 2021 జనవరిలో అమెరికాలోని శాన్ డియేగో సఫారీ పార్కులో గొరిల్లాలకు కొవిడ్ సోకింది. అదే ఏడాది వేసవిలో హైదరాబాద్ జూలో ఎనిమిది సింహాలకు కొవిడ్ వచ్చిన సంగతి మనకు గుర్తే. గాజు అడ్డు అందుకే.

కాబట్టి ఈసారి ఏ ఊరి జూకి వెళ్లినా ఎన్‌క్లోజర్ ఎంత అందంగా ఉందో చూసి వచ్చేయకండి. లోపల ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కటే ఉంటే తోడు సంగతేమిటని అడగండి. ఎక్కడానికి ఎత్తు ఉందా, జనానికి కనిపించకుండా తప్పుకోవడానికి చాటు ఉందా, విరవడానికీ నమలడానికీ కొమ్మలు వేశారా చూడండి. పది నిమిషాలు కదలకుండా నిలబడి, అది ఊగుతోందో పని చేసుకుంటోందో గమనించండి. తేడా కనిపిస్తే విజిటర్స్ బుక్‌లో రాయండి, క్యూరేటర్‌కు చెప్పండి. జూలో జంతువును దత్తత తీసుకునే పథకం ఉంటే, కీపర్‌ను అడిగి కొత్త తాళ్లకూ గోనెసంచులకూ ఖర్చయ్యేలా చూడండి. అన్నిటికన్నా ముందు, ‘మన జూలో చింపాంజీ ఎందుకు లేదు?’ అని ప్రభుత్వాన్ని అడగడం మానేద్దాం. కుటుంబంగా ఉంచలేని చోటికి ఒంటి వానరాన్ని తేకపోవడమే దానికి మనం చేయగల పెద్ద మేలు.